కొత్త తరానికి చోటివ్వడానికేనా ముసలితనం?

ఆరోగ్యం వీడియోల్లో, ఫార్వర్డ్ మెసేజ్‌లలో ఒక మాట తెగ తిరుగుతోంది. "పాతవాళ్లు తప్పుకుని కొత్తవాళ్లకు చోటివ్వాలని ప్రకృతే ఒంట్లో ఒక గడియారం పెట్టింది. ఏ జీవికైనా గుండె ఇన్నిసార్లే కొట్టుకోవాలని లెక్క. ఆలోగా శరీరం యంత్రంలా అరిగిపోతుంది." వినడానికి బాగానే ఉంది. ఈ మూడింటిలో ఒక్కటీ నిలవదు.

ముందు గడియారం సంగతి. 1880ల్లో జర్మన్ శాస్త్రవేత్త ఆగస్ట్ వైస్‌మన్ కూడా ఇంచుమించు ఇదే అన్నాడు: అరిగిపోయినవి జాతికి భారం, అందుకే చావు వచ్చిందని. అసలు అరిగిపోవడం ఎందుకన్నదే కదా ప్రశ్న! పైగా, ఆ గడియారం ఉన్న ఎలుకల గుంపులో ఒకదానికి మ్యుటేషన్ వల్ల, అంటే జన్యువులో వచ్చిన మార్పు వల్ల, అది పాడైందనుకోండి. తోటివి తప్పుకుంటుంటే ఇది ఇంకో కాన్పు కంటుంది. పిల్లలకూ ఆ పాడైన గడియారమే వస్తుంది. కొన్ని తరాలు గడిచేసరికి గుంపంతా దాని సంతానమే.

మరి ముసలితనం ఎలా వచ్చింది? 1951లో బ్రిటిష్ జీవశాస్త్రవేత్త పీటర్ మెడవార్ చూపిన దారిలో ఒక లెక్క వేద్దాం. ముసలితనమే ఎరగని 1000 జీవులున్నాయి. అయినా వేటాడేవి, రోగాలు, ఆకలి కలిసి ఏటా సగాన్ని మింగేస్తాయి. పదేళ్లకు మిగిలేది ఒక్కటి. పదకొండో ఏట మాత్రమే హాని చేసే జన్యువును ప్రకృతి ఏరిపారేసేదెలా? దాని దెబ్బ తగిలేందుకు అప్పటికి ఎవరూ మిగలరు, మిగిలినా పిల్లల్ని కనేసి ఉంటారు. మనుషుల్లో మెదడును దెబ్బతీసే హంటింగ్టన్ అనే వంశపారంపర్య జబ్బు అలాంటిదే. ఎక్కువగా 30–50 ఏళ్ల మధ్య బయటపడుతుంది, ఆపాటికే ఆ జన్యువు పిల్లలకు చేరిపోయి ఉండొచ్చు. 1957లో అమెరికన్ జీవశాస్త్రవేత్త జార్జ్ విలియమ్స్ ఇంకో అడుగు ముందుకేశాడు: వయసులో ఉండగా మేలు చేసి, తర్వాత కీడు చేసే జన్యువైతే ప్రకృతి దాన్ని వదిలేయడం కాదు, ఏరికోరి పెంచుతుంది.

గుండె లెక్కకు క్యాలిక్యులేటర్ చాలు. ఎలుక గుండె నిమిషానికి 600 సార్లు, రెండున్నరేళ్లు: దాదాపు 80 కోట్లు. మనిషిది 70 సార్లు, 70 ఏళ్లు: 250 కోట్ల పైమాటే. మూడింతల తేడా ఉంటే ఇంక కోటా ఏమిటి?

యంత్రం పోలికే కాస్త నయం, కానీ యంత్రం తన గాయాన్ని తానే మాన్పుకోదు. శరీరం మాన్పుకుంటుంది. ఆ మరమ్మతుకు ఎంత శక్తి ఖర్చుపెట్టాలి, పిల్లల్ని కనడానికి ఎంత అన్నదే బేరమని 1977లో బ్రిటిష్ శాస్త్రవేత్త థామస్ కిర్క్‌వుడ్ అన్నాడు. రేపో మాపో ఎవరికో ఆహారమయ్యే జీవి మరమ్మతుకు ఎక్కువ పెట్టడం దండగ. ఏడు గ్రాముల బ్రాంట్ గబ్బిలం ఒకటి కనీసం 41 ఏళ్లు బతికింది. అంతకంటే బరువైన ఎలుకకు మూడేళ్లే గగనం. రెక్కలున్నది తప్పించుకోగలదు మరి. అమెరికాలోని సాపెలో దీవిలో వేటాడే జంతువుల బెడద తక్కువ. అక్కడి ఒపోసమ్‌లు (పిల్లల్ని పొట్ట సంచిలో పెంచే చిన్న జంతువులు) ప్రధాన భూభాగంలోని వాటికంటే నెమ్మదిగా ముసలివవుతున్నాయని జీవశాస్త్రవేత్త స్టీవెన్ ఆస్టాడ్ 1993లో చూపించాడు.

"మరి సాల్మన్ చేప గుడ్లు పెట్టగానే చచ్చిపోతుందిగా?" అంటారు. పసిఫిక్ సాల్మన్ల విషయంలో అది నిజమే, ఇంతవరకూ వచ్చిన వాదనల్లో గట్టిది కూడా ఇదే. కానీ అది తనకున్నదంతా ఒకే ఒక్క కాన్పు మీద పణంగా పెడుతుంది, చావు దానికి చెల్లించే ధర. బీజకోశాలు (అండాలు, వీర్యం తయారయ్యే అవయవాలు) తీసేసిన సాల్మన్లు మామూలు వాటికంటే ఎక్కువ ఏళ్లు బతికాయి. చోటివ్వడమే ఉద్దేశమైతే, గుడ్లు పెట్టని చేపే కదా ముందు తప్పుకోవాల్సింది!