రానీ, రానీ, హోల్డాన్!

కార్తికమాసపు ఆదివారాల్లో జనం విజయవాడ పున్నమి ఘాట్ వైపు పోటెత్తుతారు గనుక, ఆ నాలుగు వారాలూ బస్టాండు నుంచి నది ఒడ్డు పార్కు దాకా ప్రత్యేక బస్సులు నడుపుతున్నారని మా తోడల్లుడుగారు ఎక్కడో చదివి వచ్చారు. ఆయన ఇంటికి పెద్దల్లుడు, నేను చిన్నల్లుణ్ణి. కాబట్టి ఆయన చదివి రావడమంటే కుటుంబమంతా తీర్మానం చేసినట్లే లెక్క. కారు అక్కరలేదు, పార్కింగు బాధ లేదు, దిగగానే ఉసిరిచెట్టు, ఎక్కగానే ఇల్లు అని ఆయన సెలవిచ్చారు. పులిహోర గుండిగ, అరిటాకుల కట్ట, చాపలు, పిల్లలు, అత్తగారు సమేతంగా పండిట్ నెహ్రూ బస్టాండుకు చేరుకున్నాము. రద్దీలో జేబులు కత్తిరిస్తారన్న ముందుచూపుతో నా పర్సునూ ఫోనునూ మా ఆవిడ తన చేతిసంచిలో వేసుకుని జిప్పు లాగేసింది.

వెళ్ళడం గురించి చెప్పుకోవడానికి ఏమీ లేదు. 2020లో కనకదుర్గ ఫ్లైఓవర్ తెరిచిన తరువాత ఇంద్రకీలాద్రి కింద బండ్ల వరుసలో ఇరుక్కుని అమ్మవారిని తలుచుకునే అవసరం చాలావరకు తప్పింది. బస్సు సాఫీగానే భవానీపురం చేరింది. వనభోజనం కూడా బాగానే జరిగింది. పిల్లలు బోటెక్కి భవానీ ద్వీపం చూసి వచ్చారు. పులిహోరలో ఉప్పు తగ్గిందని అత్తగారే అన్నారు కనుక మేమందరమూ నిర్భయంగా ఒప్పుకున్నాము.

అసలు సంగతి సాయంత్రం మొదలైంది. ఇటువంటి ప్రత్యేక బస్సుల్లో ఒక చిక్కు ఉంటుంది. ఉదయం పూట ఎవరి వంట పూర్తయిన వేళకు వారు బయలుదేరుతారు గనుక జనం విడతలు విడతలుగా వస్తారు. సాయంత్రం మాత్రం సూర్యుడు అందరికీ ఒకేసారి అస్తమిస్తాడు. ఉదయం ఐదారు గంటల వ్యవధిలో వచ్చి దిగిన జనమంతా ముప్పావు గంటలో తిరిగి ఎక్కాలనుకుంటారు. కాబట్టి తీసుకురావడానికి సరిపోయిన బస్సులు తీసుకుపోవడానికి సరిపోవు. ఇది తెలుసుకోవడానికి పెద్ద చదువులు అక్కరలేదు, ఒక్కసారి ఏ తిరునాళ్ళకైనా వెళ్ళివస్తే చాలు. అయినా ఏర్పాటు చేసినవారికి ఎందుకో తట్టలేదు. బస్టాండులో ఒక బల్ల, ఒక కుర్చీ, ఒక మైకు, ఆ మైకులో అలసట లేని ఒక గొంతు ఉన్నాయి. ఘాట్ దగ్గర ఒక వేపచెట్టు ఉంది. బోర్డు లేదు, వేళల పట్టీ లేదు, అడగడానికి మనిషి లేడు.

అన్నిటికంటె విశేషమేమిటంటే బస్సు తిరగడానికి చోటు కూడా లేదు. అసలే లేదనడం అన్యాయమవుతుంది, ఉదయం ఉంది. 11 మీటర్ల బస్సు ఒక్క ఊపులో మళ్ళాలంటే దాదాపు 20 మీటర్ల వెడల్పు కావాలి. ఆ వెడల్పును మధ్యాహ్నానికి మోటారు సైకిళ్ళూ, మిరపకాయ బజ్జీల బండ్లూ, బుడగలమ్మేవాళ్ళూ న్యాయంగా పంచుకున్నారు. అందువల్ల వచ్చిన బస్సు కొంత ముందుకు పోయి, కొంత వెనక్కి వచ్చి, మళ్ళీ ముందుకు పోయి తిరగాలి. ఆ వెనక్కి రావలసిన దిక్కున ఘాట్ ఉంది, మెట్లున్నాయి, వాటి తరువాత కృష్ణమ్మ ఉంది.

బస్సు వచ్చింది. తోపులాట సంగతి వదిలేస్తాను. మా వాళ్ళందరూ ఎక్కగలిగారు. తోడల్లుడుగారు కిటికీ పక్క సీటు సంపాదించి, కిటికీలోంచి చేతులు చాపి నా దగ్గర గుండిగ అందుకున్నారు. నేను చాపలు కూడా అందించి తలుపు వైపు నడవబోతుండగా డ్రైవరు తల బయటపెట్టి, నేరుగా నన్నే చూసి, "కాస్త వెనక చూడన్నా" అన్నాడు.

అంతమందిలో నన్నే ఎందుకు ఎంచుకున్నాడంటే, దానికి మా అత్తగారు బాధ్యులు. దీపావళికి ఆవిడ బీసెంట్ రోడ్డులో నాకొక చొక్కా కొన్నారు. దుకాణంలో అది ముదురు గోధుమరంగు. ఇంట్లో ట్యూబులైటు కింద మట్టిరంగు. కృష్ణ ఒడ్డున సంధ్యాకాంతిలో మాత్రం అది నిస్సందేహంగా, నిర్వివాదంగా ఖాకీ. దానికి రెండు జేబులు, ఆ జేబులకు మూతలు, భుజాల మీద బొత్తాలతో బిగించే పట్టీలు కూడా ఉన్నాయి. పెద్దల్లుడికి కొన్నది తెల్లని లాల్చీ. ఈ తేడాను గురించి నేను అప్పుడు ఏమీ అనలేదు, ఇప్పుడూ అనను.

కండక్టరు ఏమయ్యాడని మీరు అడగవచ్చు. ఆయన లోపలే ఉన్నాడు, జనం మధ్య నిలువునా ఇరుక్కుని ఉన్నాడు. 2025 ఆగస్టు 15 నుంచి మన రాష్ట్రంలో సిటీ ఆర్డినరీ బస్సుల్లో మహిళలకు ప్రయాణం ఉచితమైంది గదా. ఉచితమంటే టిక్కెట్టు లేదని కాదు. గుర్తింపు కార్డు చూడాలి, ఒక్కొక్కరికీ సున్నా రూపాయల టిక్కెట్టు కొట్టి ఇవ్వాలి. మా అత్తగారు తన ఆధార్ కార్డును భద్రంగా కుంకుమ డబ్బాలో పెట్టి, ఆ డబ్బాను చాపలో చుట్టారు. ఏ చాపలో చుట్టారన్నది అక్కడ విచారణలో ఉంది. ఆ విచారణ తేలేదాకా బస్సు వెనుక భాగానికి దిక్కు నేనే.

వెనక్కి వెళ్ళి నిలబడ్డాను. బస్సును వెనక్కి పిలవడానికి ఒక భాష ఉంది. "రానీ, రానీ, రానీ" అని సాగదీయాలి, ప్రమాదం దగ్గరపడిన కొద్దీ సాగదీత తగ్గించాలి, చివరకు "హోల్డాన్" అని ఒక్క గావుకేక పెట్టాలి. ఇది చిన్నప్పటినుంచి విన్నదే గనుక మొదటి "రానీ" నా గొంతులోంచి ఆశ్చర్యకరమైన అధికారంతో వెలువడింది. బస్సు కదిలింది. అంత పెద్ద వాహనం నా మాట విని కదలడం నా జీవితంలో కొత్త అనుభవం. ఇంట్లో ఫ్యాను కూడా రెగ్యులేటరును రెండు మూడు మార్లు తిప్పితే గాని నా మాట వినదు. రెండో "రానీ"లో కొంత సంగీతం కూడా చేరిందేమోనని నా అనుమానం.

అంతలో సలహాదారులు చేరారు. బజ్జీ సగం కొరికిన ఒకాయన "కుడికి కొట్టమను" అన్నాడు. పాపను భుజాన వేసుకున్న మరొకాయన "కుడికా? ఎవరి కుడికి?" అన్నాడు. ఇది అనుకున్నంత తెలివితక్కువ ప్రశ్న కాదు. నేను బస్సు వైపు మొహం పెట్టి నిలుచున్నంత సేపూ నా కుడీ డ్రైవరు కుడీ ఒకటే. వెనుక ఎంత చోటు మిగిలిందో చూద్దామని నది వైపు తిరిగిన మరుక్షణం రెండూ తారుమారు. ఒక మనిషి ఏకకాలంలో బస్సునూ నదినీ చూడలేడు గనుక నా కుడి నిమిషానికొకసారి మారుతూ వచ్చింది. డ్రైవరు మాత్రం నిశ్చలచిత్తంతో నేను చెప్పిన ప్రతి కుడికీ స్టీరింగు తిప్పాడు.

అప్పుడు జనాన్ని చీల్చుకుని ఒక పెద్దాయన వచ్చారు. ఆటోనగర్‌లో బస్సు బాడీలు కట్టిన అనుభవం తనకుందని ముందుగా ప్రకటించి, "చక్రం చూస్తావేమయ్యా, తోక చూడు" అని నన్ను గద్దించారు. వెనుక ఇరుసు తరువాత మిగిలే బస్సు భాగాన్ని ఆయన తోక అంటున్నారు. ముందు ఇరుసుకూ వెనుక ఇరుసుకూ మధ్య ఎంత దూరముందో అందులో 60 శాతం దాకా ఈ తోక ఉండవచ్చని నిబంధనలే అనుమతిస్తాయట. అందువల్ల చక్రం గట్టు ఇవతల క్షేమంగా ఉండగానే తోక మాత్రం గట్టు దాటి నది మీదికి వేలాడగలదట. ఆయన ఈ పాఠం సావకాశంగా చెబుతున్నారు. తోక మాత్రం సావకాశంగా లేదు. అది నా మొహానికి మూరెడు దూరానికి వచ్చింది.

అప్పటికి నేను రెండో మెట్టు మీద ఉన్నాను. మనిషి మనసు ఎటువంటిదో చూడండి, ఆ క్షణాన నాకు ప్రకాశం బ్యారేజీ గుర్తుకొచ్చింది. 1957లో పూర్తయింది, 70 గేట్లు, పూర్తి మట్టం 12 అడుగులు, నిలవుండే నీరు 3.07 టీఎంసీలు. ఉద్యోగం కోసం రాసిన పరీక్షల్లో ఒక్కసారైనా ముందుకు రాని ఈ అంకెలన్నీ ఇప్పుడు వరుస కట్టి నిలబడ్డాయి. ఆ నీరంతా ఏ దిక్కున నిలిచి ఉందో కూడా స్పష్టంగా తెలిసింది. 2024 సెప్టెంబరులో 11 లక్షల క్యూసెక్కులకు పైగా వరద వచ్చినప్పుడు కొట్టుకొచ్చిన పడవలు బ్యారేజీని ఢీకొన్న సంగతి కూడా జ్ఞాపకం వచ్చింది. పడవల తరువాతి వంతు సిటీ ఆర్డినరీదేనేమో, అందులో మా అత్తగారు ఇంకా ఆధార్ కార్డు వెతుకుతూనే ఉంటారేమో అనిపించింది.

"హోల్డాన్" అందామని నోరు తెరిచాను. గొంతు పెగల్లేదు. అంతకుముందు రానీ, రానీ అని సంగీతానికి ఖర్చుచేసినదంతా ఇక్కడ లోటు పడింది. దాంతో బస్సు వీపు మీద చరిచాను. చరుపులకూ ఒక వ్యాకరణం ఉంది: కండక్టరు గంట మాదిరిగానే ఒకటి కొడితే ఆగమని, రెండు కొడితే పొమ్మని. కంగారులో ఉన్నవాడు ఒకటి కొట్టి ఊరుకోడు. నేను ఎన్ని కొట్టానో నాకు తెలియదు గాని అది సరిసంఖ్య అయి ఉండాలి, బస్సు ఇంకొంచెం హుషారుగా వెనక్కి వచ్చింది. నేను మూడో మెట్టుకు దిగాను. బజ్జీ కొరికినాయన, పాపను ఎత్తుకున్నాయన, ఆటోనగర్ పెద్దాయన, బుడగలవాడు అందరూ కలిసి ఏకకంఠంతో "హోల్డాన్" అన్నారు. బస్సు ఆగింది. కిటికీలోంచి మా తోడల్లుడుగారు తల బయటపెట్టి, "చూసి చెప్పవయ్యా, గుండిగ పడిపోయేది" అన్నారు.

తరువాత డ్రైవరు స్టీరింగు పూర్తిగా తిప్పి, బండిని ముందుకు లాగి, ఎంతో నేర్పుగా రోడ్డు మీదికి మళ్ళించాడు. నాకూ ఒళ్ళు చల్లబడింది. ఒక ఘనకార్యం ముగిసిన తృప్తితో, మేతకు పోయే గేదె వీపు తట్టినట్లుగా, పక్కనుంచి సాగుతున్న బస్సును ప్రేమగా రెండు తట్లు తట్టాను.

రెండు తట్లు. డ్రైవరు వ్యాకరణం తెలిసినవాడు. బస్సు వెళ్ళిపోయింది.

వెనుక అద్దంలోంచి మా చిన్నమ్మాయి చెయ్యి ఊపడం కనబడింది. నేను కావాలనే ఉండిపోయాననీ, ఏదో డ్యూటీలో ఉన్నాననీ అది అనుకుందని తరువాత తెలిసింది. మా ఆవిడ నేను ముందు తలుపు దగ్గర ఎక్కడో నిలబడి ఉన్నాననుకుందట. తోడల్లుడుగారు ఏమీ అనుకోలేదట. ఆయనకు కిటికీ గాలికి నిద్రపట్టింది.

ఎక్కలేక మిగిలిపోయిన జనం మెల్లగా నా చుట్టూ చేరారు. తరువాతి బస్సు ఎప్పుడని ఒకావిడ, అసలుందా అని మరొకాయన, ఉదయం మైకులో పావుగంటకొకటి అన్నారు గదా అని ఇంకొకాయన. నేను మీలాంటివాణ్ణేనని చెప్పాను. "అందరూ అదే మాటండీ, అడిగితే ఒక్కరూ బాధ్యత తీసుకోరు" అని ఆవిడ నా భుజం పట్టీల వైపు చూసి నిట్టూర్చింది. ఒక కుర్రాడు నా ఫొటో తీశాడు. ఆటోనగర్ పెద్దాయన మాత్రం నా పక్షాన నిలబడి, "కిందివాళ్ళను అని ఏం లాభమండీ, పైవాళ్ళు పంపాలి గాని" అని సర్దిచెప్పారు. ఆ ఆదరణతో నా ఉద్యోగం ఖాయమైపోయింది.

బాగా చీకటి పడ్డాక మరో బస్సు వచ్చింది. డ్రైవరు తల బయటికి పెట్టేలోపలే నేను ముందు తలుపు గుండా ఎక్కి ఇంజను పక్కన ఒదిగి కూర్చున్నాను. వెనుక ఎవరు నిలబడ్డారో చూడలేదు. "తోక, తోక" అన్న కేకలు మాత్రం వినిపించాయి. ఫ్లైఓవర్ ఎక్కుతుండగా కండక్టరు టిక్కెట్లు కొడుతూ నా దాకా వచ్చాడు. జేబు మూత తీసి చెయ్యి పెట్టాక గాని పర్సు మా ఆవిడ సంచిలో ఉన్న సంగతి గుర్తుకు రాలేదు. ఏం చెప్పాలో తోచక నేను నోరు తెరిచేలోపల ఆయన నా చొక్కాను పైనుంచి కింది దాకా చూసి, మిషను చంకలో పెట్టుకుని, చాలా స్నేహంగా, "స్టాఫా అండీ? ఏ డిపో?" అన్నాడు.