సంతకం పెట్టిన వేళ్లు

1988 నాటి అవినీతి నిరోధక చట్టంలో 2018లో 17ఏ సెక్షన్ చేరింది. విధుల్లో భాగంగా ఉద్యోగి తీసుకున్న నిర్ణయంపై దర్యాప్తు జరపాలంటే ముందుగా ప్రభుత్వ అనుమతి ఉండాలి. ఆర్డీఓగా రిటైరైన బాబాయికీ, న్యాయవాదైన అన్న కూతురికీ దీని మీదే వాదన. నా మొగ్గు అమ్మాయి వైపే.

అమ్మాయి: లంచం పుచ్చుకున్న సర్వేయరు వేళ్లు సోడా ద్రావణంలో ముంచుతారు. నోట్లకు రాసిన పొడి అంటిందంటే నీళ్లు గులాబీ రంగుకు తిరుగుతాయి. అక్కడికక్కడే అరెస్టు. దానికి ఈ అనుమతి అక్కర్లేదు. వందల ఎకరాలు ఒక్క సంతకంతో కట్టబెట్టిన వాళ్ల వేళ్లు ఏ నీళ్లలో ముంచాలి బాబాయ్?

బాబాయి: సంతకం పెట్టే చేతికి ఎంత భయం ఉంటుందో నీకు తెలియదమ్మా. భూసేకరణ ఫైలు వచ్చిందంటే నాకు నిద్ర ఉండేది కాదు. పరిహారం ఎక్కువైతే కుమ్మక్కయ్యాడంటారు, తక్కువైతే రైతు ఉసురు తగులుతుంది. పదేళ్ల తరవాత ఎవరో ఆకాశరామన్న ఉత్తరం రాస్తే కోర్టుల చుట్టూ తిరగాలా? అలాగైతే నిజాయతీపరుడు ఫైలు ముట్టుకోడు.

అమ్మాయి: రక్షణ వద్దనను. అది ఎవరి చేతిలో ఉందన్నదే నా బాధ. అనుమతి ఇవ్వాల్సింది ఆ సంతకం పెట్టించిన ప్రభుత్వమే కావచ్చు. తమవాడైతే ఫైలు అటకెక్కుతుంది. మూడు నెలల్లో, మహా అయితే మరో నెలలో తేల్చాలని చట్టంలో ఉంది. తేల్చకపోతే ఏమిటో లేదు. ఇలాంటి నిబంధనను సుప్రీంకోర్టు 1997లో వినీత్ నారాయణ్ కేసులో కొట్టేసింది. 2003లో చట్టంగా తెచ్చారు. 2014లో దాన్నీ కొట్టేసింది. ఇప్పుడు 17ఏగా తేవడం మూడోసారి.

బాబాయి: అప్పుడు కొట్టేసింది జాయింట్ సెక్రటరీ, ఆపై వాళ్లకే రక్షణ ఇచ్చారని. ఇప్పుడు గుమాస్తాకూ ఉంది కదా.

అమ్మాయి: గుమాస్తా చేతిలో ఏ నిర్ణయం ఉంది బాబాయ్? అనుమతి మాట ప్రభుత్వంతో సంబంధం లేని లోకాయుక్త లాంటి సంస్థ చెప్పాలి.

బాబాయి: (కాసేపు ఆగి) ఒకసారి ఫోనులో వచ్చిన ఆదేశాన్ని ఉన్నదున్నట్టు నోట్‌ఫైలులో రాశాను. నెల తిరగకుండా బదిలీ చేశారు.

అమ్మాయి: ఫోను చేసిన ఆయన మీద దర్యాప్తు?

బాబాయి: ఎవరడిగారు తల్లీ? ఆ ఫైలు ఇప్పటికీ రికార్డు గదిలోనే ఉండాలి.