వానపాములతో రిబ్బన్ కట్ చేయించగలమా?

విశాఖ అందం చూసి సముద్రానికి కన్నుకుట్టిందని నా గట్టి నమ్మకం. వాయుగుండం వెళ్ళిపోయిన మర్నాడు తెన్నేటి పార్కు కిందికో, జోడుగుళ్ళపాలెం వైపో వెళ్ళి చూడండి. రాళ్ళ మీంచి ఊడొచ్చిన నాచు ఇసుక మీద పచ్చగా, గోధుమ రంగులో పడి ఉంటుంది. రెండు రోజులు కుళ్ళిందంటే మురిగిన కోడిగుడ్డు వాసన. సెల్ఫీలకొచ్చిన జనం ముక్కు మూసుకుని ఫొటో దిగాల్సిన దుస్థితి.

దీనికి మిద్దెతోటల వాళ్ళు చెప్పే విరుగుడు వానపాములు. నాచు కడిగి, పేడతో కలిపి వాటికి మేపితే మొక్కలకి ఎరువు తయారట. ఈ ప్రతిపాదనను నేను తీవ్రంగా ఖండిస్తున్నాను.

మొదటి సంగతి, ఇందులో టెండరుకి చోటెక్కడ? ఓ తొట్టి, కాస్త నీడ, తడి, పేడ. ఇంతే పెట్టుబడి. ఇంత చవగ్గా అయిపోయే పనిని పథకం అని ఎలా అంటాం? పోనీ ప్రారంభోత్సవమైనా ఘనంగా చేద్దామంటే ఆ జీవికి అయిదు జతల గుండెలున్నాయి గానీ ఒక్క కన్నూ లేదు. వేదిక మీద ఎవరున్నారో దానికి అనవసరం. ఫ్లాష్ వెలిగితే మాత్రం పేడలోకి దూరిపోతుంది. డార్విన్ అంతటివాడు పనిగట్టుకుని వీటికి పియానో వినిపించాడు. ఉలుకూ పలుకూ లేదు. కుండీని తీసుకెళ్ళి పియానో మీదే పెట్టి వాయిస్తే, ఆ అదురుకి బొరియల్లోకి పారిపోయాయి. అంటే మన నాయకుల ఉపన్యాసాలు వాటికి వినపడవు, డీజే పెడితే దాక్కుంటాయి. ఇలాంటి వాటిని నమ్ముకుని ఏ ఊరు బాగుపడింది?

పైగా మహా సుకుమారం. వాటికి ఊపిరి చర్మంతోనే కాబట్టి ఒళ్ళు తడిగా ఉండాలి. ఉప్పు తగిలిందా, ఒంట్లో నీళ్ళు లాగేస్తుంది. అందుకని నాచుని మంచినీళ్ళలో జాడించాలి. మా పై ఫ్లోరు పిన్నిగారు డాబా మీద బకెట్టు పెట్టుకుని చేసే పని ఇదే. ఓసారి పక్కన నిలబడి చూశాను. గుప్పెడు నాచు విడదీస్తే అందులోంచి నైలాను వల పోగు, సీసా మూత, షాంపూ ప్యాకెట్టు, థర్మాకోల్ గుళ్ళు ఒకటొకటిగా తేలాయి. మనం పారేసినవన్నీ సముద్రం భద్రంగా తిరిగిచ్చింది. "ఆ మూత ఇలా పడేయ్ బాబూ, పాములకి అరగదు," అన్నారావిడ.

కడిగాక తరగాలి. ఎక్కువ పాళ్ళు పేడ, ఎండుటాకులు కలిపి రెండు మూడు వారాలు మగ్గనివ్వాలి. పచ్చిగా వేస్తే అది కుళ్ళేటప్పుడు పుట్టే వేడికి పాములు చస్తాయి. చీమలు రాకుండా తొట్టి కాళ్ళ కింద నీళ్ళ పళ్ళేలు పెట్టాలి. ఇంతా చేస్తే వచ్చేది అమృతమేం కాదు. నాచులో పొటాష్ బాగానే ఉంటుంది, భాస్వరం తక్కువ. పైగా తీరమంతా ఊడ్చుకు రాకూడదట. ఆ నాచు కింద బతికే పురుగులూ, వాటి కోసం వచ్చే పిట్టలూ ఉంటాయట. చెత్త మీద కూడా పిట్టలకి హక్కులా?

ఇంతకంటే మన పద్ధతే నయం. ఒడ్డున పడ్డ నాచుని డబ్బిచ్చి ఎత్తించి చెత్తలో కలిపేస్తాం. తర్వాత నర్సరీకి వెళ్ళి మొక్కలకి వేసే నాచు రసం సీసా డబ్బిచ్చి కొంటాం. 2021లో కేంద్రం నాచు సారాన్ని కూడా ఎరువుల నియంత్రణ ఉత్తర్వులోకి తెచ్చింది. కాబట్టి సీసాలో ఉంటే దానికి చట్టం, లేబులు, మర్యాద. ఇసుక మీద ఉంటే కంపు. రెండుసార్లు డబ్బు చేతులు మారే ఈ ఏర్పాటుని వానపాముల చేతిలో పెట్టి పాడుచేసుకుంటామా?

అందుచేత నా డిమాండు ఒకటే. ముందు ఒక కమిటీ వేయాలి, అది విదేశాల బీచ్‌లు చూసి రావాలి. ఈలోగా పిన్నిగారి తొట్టి మీద చర్య తీసుకోమని అసోసియేషన్‌కి రాతపూర్వకంగా ఫిర్యాదు చేస్తున్నాను. నిన్న ఆవిడ బెండకాయలు పంపించారు. లేతగానే ఉన్నాయి. అయినా ఫిర్యాదు వెనక్కి తీసుకునేది లేదు, వంకాయలు కాసేదాకా.