కోళ్లను ఉరకనివ్వండి సార్

వాడపల్లి దగ్గర కృష్ణ దాటితే పల్నాడు. ఒకప్పుడు ఆ సీమకు పోయి తిండీ నీళ్లూ సయించక విసిగిపోయిన శ్రీనాథుడు ‘చిన్న చిన్న రాళ్లు, చిల్లర దేవుళ్లు’ అని మొదలుపెట్టి, నాగులేటి నీళ్లను, నాపరాళ్లను, సజ్జ జొన్న కూళ్లను, చివరికి పాముల్ని, తేళ్లను కూడా ఒక్క ఆటవెలదిలో కుక్కేశాడని చెప్తారు. ఆరు వందల ఏళ్లయినా ఆ చాటువు జనం నోట్లో బతికే ఉంది. అందులో నీతీ లేదు, భక్తీ లేదు. కడుపుమంట ఉంది, మాటమాటకూ తగిలే ‘ళ్లు’ ఉంది. అంతకు మించి ఏమీ లేదు, అక్కర్లేదు కూడా.

ఈ మధ్య దేవరకొండ వైపు ఒక బడిలో శనివారం పూట ఐదో తరగతి పిల్లలతో గడిపాను. ఈ పద్యం చదివి వినిపించి, ‘శ్రీనాథుడు మీ ఊరికొస్తే ఏం రాసేవాడో రాయండి’ అన్నాను. ముందు ‘ళ్లు’తో అయిపోయే మాటలన్నీ బోర్డెక్కాలి. నీళ్లు, కోళ్లు, ముళ్లు, వేళ్లు, కుళ్లు... పది నిమిషాల్లో బోర్డు నిండింది. గోడ వారకు కూచున్న ఒక పిల్లగాడు లేచి గబగబా చదివాడు.

గుట్ట నిండ రాళ్లు, గుంతలల్ల నీళ్లు
పొద్దుగాల బస్సుకు ఊగులాడె కాళ్లు
డ్రైవరన్న హారన్ గొడ్తె ఉరికె కోళ్లు
మా సారు బడికొచ్చేసరికి పన్నెండేళ్లు!

క్లాసు పడి పడి నవ్వింది. సారు కూడా నవ్వారు, ఆయన రోజూ వచ్చేది ఆ బస్సులోనే మరి. నవ్వడం అయ్యాక ఎర్ర పెన్ను తీశారు. ‘గొడ్తె’ కొట్టేసి ‘కొట్టగా’ అని రాశారు. ‘ఉరికె’ కొట్టేసి ‘పరుగెత్తె’ అని రాశారు. మళ్లీ చదవమన్నారు. ‘డ్రైవరన్న హారన్ కొట్టగా పరుగెత్తె కోళ్లు’ అని చదివాడు. ఈసారి ఎవరూ నవ్వలేదు. వాడు కాగితం నాలుగు మడతలు పెట్టి జేబులో వేసుకున్నాడు.

నా వాదనంతా ఆ రెండుసార్లు చదవడం మధ్యనే ఉంది. పిల్లలకు కవిత్వం నవ్వు పద్యంతో మొదలు కావాలి. ఆ నవ్వు ఇంటి మాటలోనే పుడుతుంది. ఈ రెండిట్లో ఏది వదిలేసినా మిగిలేది హోంవర్కే.

ఆ సారు చెడ్డవారు కాదు. పరీక్షలో ‘ఉరికె’ అని రాసి మార్కు పోగొట్టుకున్న తరం ఆయనది, నాది. ఉరుకు అనేది నిఘంటువులో నిక్షేపంగా ఉన్న మాటే అని ఆయనకూ తెలుసు. అయినా చేతికి అలవాటైపోయింది.

తెలంగాణలో ఒకటి నుంచి పది వరకు అన్ని బడుల్లో తెలుగు తప్పనిసరి అని 2018లో చట్టం తెచ్చుకున్నాం. 2022 నుంచి తొలిమెట్టు పేరుతో చదవడం, రాయడం, లెక్కల మీద పడ్డాం. మంచిదే. చట్టం పీరియడ్ ఇస్తుంది. రుచి ఎక్కడి నుంచి తెస్తుంది? మన బడిలో పద్యం అనగానే పిల్ల చేతులు కట్టుకొని నిలబడుతుంది. కంఠస్థం, ప్రతిపదార్థం, భావం, దాని కింద మార్కులు. మొదటి పద్యమే నీతి, రెండోదీ నీతే. మందు చేదుగా ఉంటేనే పనిచేస్తుందని ఎవరో చెప్పినట్టు తాగిస్తున్నాం. నిజానికి వేమన్నకున్నంత వెటకారం ఎవరికుంది? ఆ వెటకారాన్ని పిండేసి, పిప్పిని సొంతవాక్యంలో రాయమంటున్నాం.

విచిత్రం ఏమిటంటే, బడికి వచ్చేనాటికే పిల్లల దగ్గర కవిత్వం ఉంటుంది. చెమ్మచెక్క చారడేసి మొగ్గ, కాళ్లాగజ్జ కంకాళమ్మ, వీరీ వీరీ గుమ్మడిపండు. కంకాళమ్మ ఎవరని ఏ పిల్లా అడగదు, ఏ అవ్వా చెప్పదు. కాళ్లు చాపుకొని వరసగా కూచుని, ఎవరి కాలు ఎప్పుడు తీయాల్సి వస్తుందోనని చూసే ఆ టెన్షనే దాని భావం. అర్థం తెలియకుండానే లయ ఒంట్లోకి ఎక్కుతుంది. ఒకటీ రెండు తరగతుల్లో ఇంతకన్నా ఏమీ చేయక్కర్లేదు. ఆడించాలి, మధ్యలో ఒక మాట మార్చి తప్పు చదవాలి, పిల్లలు పట్టుకొని గోల చేయాలి. గుమ్మడిపండు చోట బీరకాయ అని చూడండి, ఇల్లు పైకి లేస్తుంది.

మూడో తరగతి దాటితే ఊరి పేర్లతో ఆడించవచ్చు. ఇంగ్లండులో ఎడ్వర్డ్ లియర్ అని పక్షుల బొమ్మలు వేసుకునే చిత్రకారుడు 1846లో ఐదు పాదాల తిక్క పద్యాలను పుస్తకంగా వేశాడు. చాలావాటిలో మొదటి పాదంలోనే ఫలానా ఊరి ముసలాయన వచ్చేస్తాడు. ఆ ముసలాయనకు ఏదో ఒక పిచ్చి పని తగులుకుంటుంది. లిమరిక్ అనే ఆ తిక్క పద్యాన్నే మన శ్రీశ్రీ ‘లిమఋక్కు’ అని తెలుగు చేసుకున్నాడు. పట్టు సులువే. ఒకటి, రెండు, ఐదు పాదాలకు ఒక ప్రాస, మధ్యలో రెండు పొట్టి పాదాలకు ఇంకో ప్రాస. ఊర్లకు మనకు కొదవా? నకిరేకల్, అచ్చంపేట, మక్తల్, మిర్యాలగూడ.

అచ్చంపేటల ఉండె ఒక తాత
మీసాలకు రోజు నూనె పూత
పిల్లొచ్చి నాకింది
సగం మీసం పీకింది
ఊరంత ఇనొచ్చె తాత కూత!

ఇది నేను నిలబడ్డచోట అల్లింది, గొప్పదేమీ కాదు. కావలసింది కూడా అదే. సారే ఇంత తేలిగ్గా రాస్తే మనకేం భయం అని పిల్లలకు అనిపించాలి. మొదటి నాలుగు పాదాలు బోర్డు మీద రాసి, ఐదోది పిల్లలకు వదిలేయాలి. నలభై మంది నలభై రకాలుగా తాత పని పడతారు.

ఛందస్సు దగ్గర చాలామంది పంతుళ్లు భయపెడతారు. నాకైతే అదే అన్నిటికన్నా మంచి ఆట అనిపిస్తుంది. గురువు, లఘువు అనే పేర్లు ఎత్తకుండా చప్పట్లతో చెప్పొచ్చు. నాగు, లేటి, నీళ్లు, నాప, రాళ్లు. ఐదు దెబ్బలు. విశ్వ, దాభి, రామ, వినుర, వేమ. మళ్లీ ఐదే. నాలుగో దెబ్బ దగ్గర మొదటి అక్షరం తిరిగి వచ్చి పలకరిస్తోంది చూడండి: ‘నా’కు ‘నా’, ‘వి’కి ‘వి’. దాన్ని యతి అంటారని తర్వాత ఎప్పుడైనా చెప్పుకోవచ్చు. ‘మూడు కోళ్లు వచ్చి ముద్ద తినెను’ అని నేను అన్నాను. ‘పాత చెప్పు చూసి పాము నవ్వె’ అని ఒక పిల్ల అందుకుంది. వేళ్ల మీద లెక్కపెట్టి చూశాను, దెబ్బలు సరిపోయాయి, యతి కూడా పడింది. ఈ ఒక్కో దెబ్బకు ఛందస్సులో ఉన్న పేరు సూర్యగణం. అదేమిటో ఆ పిల్లకు తెలియదు.

ఇక అవధానం. గద్వాలను విద్వద్గద్వాల అని ఊరికే అనలేదు. ఆ సంస్థానంలో, పక్కన ఆత్మకూరులో పద్యం రాజుగారి కొలువులో జరిగే ఆట. తిరుపతి వెంకట కవులు ఆ కొలువులకు వచ్చిపోయినవాళ్లే. అష్టావధానంలో ఎనిమిది మంది పృచ్ఛకులు, అంటే ప్రశ్నలు వేసేవాళ్లు, ఉంటారు. అందరికీ జవాబు చెప్పాల్సింది అవధాని ఒక్కడే. వాళ్లలో పిల్లలకు పుట్టుకతోనే వచ్చిన పాత్ర ఒకటుంది, అప్రస్తుత ప్రసంగం. అవధాని ఏకాగ్రత చెడగొట్టడానికి అడ్డదిడ్డం ప్రశ్నలు వేయడమే ఆయన పని. మిగతా రోజుల్లో ఆ పనికి క్లాసు బయట నిలబెడతాం. నెలకో శనివారం దానికే చప్పట్లు కొట్టిస్తే ఎలా ఉంటుంది?

ఎనిమిది అంశాలు వద్దు, మూడు చాలు. ఒకరు నాలుగు మాటలు ఇవ్వాలి. బస్సు, బెల్లం, ఆధార్, అంబలి. ఆ నాలుగూ వచ్చేలా భీముడి భోజనాన్ని వర్ణించాలి. ఒకరు మధ్యాహ్న భోజనం పళ్లెం మీద గరిటెతో గంట కొడుతుంటే ఎన్ని కొట్టారో అవధాని చివర్లో చెప్పాలి. మూడోవాళ్లు ‘భీముడికి రేషన్ కార్డు ఉందా?’ లాంటివి అడుగుతూ ఉండాలి. సమస్య కూడా, అంటే అడ్డదిడ్డంగా కనిపించే మాటకు పద్యంలో అర్థం కుదర్చమనడం, ఇవ్వొచ్చు. ఏనుగుల మంద దోమ కుత్తుకలో దూరిందన్న పాత సమస్య మనందరికీ తెలిసిందే. నేను ‘చీమ తుమ్మితే చెరువు నిండెను’ అని ఇచ్చాను. పద్యం సంగతి తర్వాత, ముందు ఎట్లా నిండిందో చెప్పమన్నాను. ఏనుగంత చీమ అన్నారు, దోసిలంత చెరువు అన్నారు. ‘మా చెర్ల సుక్క నీళ్లు లెవ్వు సార్, చీమ తుమ్మినా నిండినట్టే’ అంది ఒక పిల్ల. క్లాసు నవ్వింది. నేను మాత్రం కాసేపు ఆగాను.

పిట్టల దొరను ఈ తరం ఎక్కువ చూసి ఉండదు. ఖాకీ కోటు, నెత్తిన టోపీ, భుజాన కట్టె తుపాకి వేసుకొని వాకిట్లో నిలబడి కోతలు కోసేవాడు. మేడలంటాడు, మాన్యాలంటాడు, ఆఖరికి గుప్పెడు బియ్యం అడుగుతాడు. మేం తుపాకి రాముడు అనేవాళ్లం. ఆ కోతల పోటీ పెడితే బెరుకు పిల్లలు కూడా నోరు విప్పుతారు. ‘మా తాతకు మూడొందల ఎకరాలు, అన్నీ మబ్బులల్లనే!’

ఒక్క కట్టడి మాత్రం మొదటి రోజే పెట్టాలి. పక్క పిల్ల రంగు మీద, కులం మీద, ఇంటి లేమి మీద, కుంటుకాలి మీద జోకు నడవదు. సారు మీద, సర్పంచి మీద, కరెంటు మీద, మీ మీద మీరే ఎంతైనా. మన చాటువుల్లో బూతు కూడా దండిగా ఉంది కాబట్టి ఏరుకోవడం పెద్దవాళ్ల పని.

‘చదవడమే రాని పిల్లలకు కవిత్వమా? యాసలో రాయిస్తే రేపు పోటీ పరీక్షల్లో ఏం చేస్తారు?’ అనేవాళ్లున్నారు. వాళ్ల భయం నాకు అర్థమవుతుంది, పాలమూరు నుంచి కూలికి వలస పోయిన తల్లిదండ్రులకు పిల్ల చదువు ఆట కాదు. కానీ ‘ళ్లు’ మాటల కోసం బోర్డు మీద పడి కొట్టుకున్న పిల్లల్లో సగం మంది ఆ రోజు దాకా ఒత్తులు సరిగ్గా రాయనివాళ్లే. ప్రామాణిక భాష నేర్పొద్దని ఎవరన్నారు? దరఖాస్తుకు అది కావాలి, నేర్పండి. నవ్వు పద్యం దరఖాస్తు కాదు.

అసలు సంగతి ఇక్కడే ఉంది. నిజాం రాజ్యంలో తెలుగు కవులే లేరని ఎవరో అంటే, పాలమూరు బిడ్డ సురవరం ప్రతాపరెడ్డి 354 మంది కవుల పద్యాలు పోగేసి 1934లో గోలకొండ కవుల సంచిక వేసి జవాబిచ్చాడు. అప్పుడు కవులు లేరన్నారు, తర్వాత మా మాట కవిత్వానికి పనికిరాదన్నారు. సినిమా మా యాసను జోకర్ల నోట్లో, రౌడీల నోట్లో పెట్టింది. మేం టికెట్ కొనుక్కొని పోయి మమ్మల్ని చూసి మేమే నవ్వాం. రాష్ట్రం వచ్చి పదేళ్లు దాటింది. ఇప్పుడు సినిమాలో హీరో కూడా మా లెక్కనే మాట్లాడుతున్నాడు. బడిలో ఎర్ర పెన్ను మాత్రం మారలేదు. ఏటా సెప్టెంబరు 9న కాళోజీ ఫొటోకు దండ వేసి తెలంగాణ భాషా దినోత్సవం చేస్తాం. ఆ రోజు పిల్లలతో బట్టీ పట్టించే ఉపన్యాసం ‘గౌరవనీయులైన’ అని మొదలై ‘ధన్యవాదములు’తో అయిపోతుంది. కాళోజీ వింటే ఏమనేవాడో ఆయన స్టైల్లోనే ఊహించుకోండి.

రాచకొండ మన ఉమ్మడి నల్లగొండ గుట్టల్లోదే. సర్వజ్ఞ బిరుదు పెట్టుకున్న అక్కడి రాజు సింగభూపాలుడి మీద శ్రీనాథుడు చెప్పాడనే పద్యం ఒకటుంది. ఒక విరుపుతో చదివితే పొగడ్త. ఇంకో విరుపుతో చదివితే, ఈయన్ను సర్వజ్ఞుడనడం కుక్కను ఏనుగనడమే. రాజు ముందే రాజును అంత మాట అని బతికి బయటపడ్డ విద్య మనది. దాన్ని పదేళ్ల పిల్లకు అందించడానికి మన దగ్గర పీరియడ్ లేదట. దేవరకొండ తండా పిల్లకు, మక్తల్ పక్కన ఇంట్లో కన్నడం మాట్లాడే పిల్లగాడికి తెలుగే రెండో భాష. వాళ్ల ఇంటి మాట కూడా ఒకటి ఆ పద్యంలో పడితే నష్టమెవరికి? ప్రాస కుదిరితే చాలు.

ఆ శనివారం సాయంత్రం సారు, నేను స్టేజీ దగ్గర బస్సు కోసం నిలబడ్డాం. పిల్లలు అక్కడే చింతచెట్టు కింద మూగారు. గోడ వారకు కూచున్న ఆ పిల్లగాడు జేబులోంచి కాగితం తీశాడు గానీ చూడలేదు, పాత పద్ధతిలోనే ‘ఉరికె కోళ్లు’ అని అందుకున్నాడు. ఆఖరి పాదం అందరూ కలిసి అరిచారు. సరిగ్గా అప్పుడే బస్సు ఊగుకుంటూ వచ్చి ఆగింది. కండక్టరమ్మ మెట్టు మీద నుంచి వంగి, ‘ఎవడ్రా పన్నెండేళ్లు అన్నోడు?’ అని అడిగింది.

పిల్లలందరూ సారును చూపించారు.