స్టీరింగ్ ఎప్పుడు వదలాలో ఒళ్లు బాగున్నప్పుడే రాసిపెట్టుకోండి

అంతర్జాతీయ సర్వీసుల్లో విమానం నడిపే పైలట్లకు 65 ఏళ్లకు గీత గీశారు. ఆఫీసు ఉద్యోగికి ఉద్యోగంలో చేరిన రోజే దిగే తేదీ తెలిసిపోతుంది. ముప్పై నలభై టన్నుల బరువును జనం మధ్య నుంచి నడిపించే లారీ డ్రైవరుకు మాత్రం చాలా చోట్ల అలాంటి గీత లేదు, వైద్య పరీక్షలే ఉన్నాయి. బ్రిటన్‌లో 45 దాటాక ఐదేళ్లకోసారి, 65 దాటాక ఏటా పరీక్ష చేయించుకోవాలి. అందులో నెగ్గినంత కాలం నడుపుకోవచ్చు. కాబట్టి ఎప్పుడు దిగాలనే నిర్ణయం పూర్తిగా డ్రైవరు నెత్తిన పడుతుంది. చాలామంది దాన్ని వాయిదా వేస్తూ పోతారు. చివరికి ఓ ప్రమాదమో, ఆస్పత్రి మంచమో వాళ్ల తరఫున ఆ నిర్ణయం తీసేసుకుంటుంది. నా బాధంతా దీని గురించే.

దిగాల్సిన రోజు వచ్చాక తేల్చుకుందాంలే అంటే ఆ రోజు తేలదు. చూపు తగ్గితే తెలుస్తుంది, మోకాలు నొప్పి పెడితే తెలుస్తుంది. అంచనా తగ్గితే మాత్రం తెలియదు, ఎందుకంటే అది తగ్గిందో లేదో చూడాల్సింది కూడా అదే బుర్ర. అందుకే 50 దగ్గర పడుతున్నప్పుడే హద్దులు కాగితం మీద రాసుకోవాలి. ఇది జరిగితే రాత్రి డ్యూటీ మానేస్తా, ఇది జరిగితే దూరం ట్రిప్పులు మానేస్తా, ఇది జరిగితే పూర్తిగా దిగిపోతా అని. ఆ కాగితం ఒక ప్రతి ఇంట్లోవాళ్ల దగ్గర ఉండాలి. ఆరు నెలలకోసారి దాన్ని ముందేసుకుని నిజాయితీగా చూసుకోవాలి.

ఈ మాట అనగానే వచ్చే జవాబు నాకు తెలుసు: "నలభై ఏళ్ల సర్వీసు, అనుభవం లేదా?" ఉంది. దాని విలువ చాలా పెద్దది. అనుభవం ఉన్న డ్రైవరు ముందు వాహనం బ్రేకు లైటు వెలగక ముందే కాలు తీస్తాడు, గ్యాప్ ఎక్కువ ఉంచుతాడు, సగం ప్రమాదాలను దగ్గరికే రానివ్వడు. కానీ అనుకోకుండా అడ్డం వచ్చినప్పుడు పనికొచ్చేది లెక్క ఒక్కటే. ఆ లెక్క చూడండి. గంటకు 80 కిలోమీటర్ల వేగంలో లారీ సెకనుకు 22 మీటర్లు పోతుంది. కన్ను చూసి, కాలు బ్రేకు మీదికి చేరడానికి సెకనున్నర అనుకుంటే 33 మీటర్లు. ఎయిర్ బ్రేకులో గాలి ఛాంబర్ దాకా వెళ్లి లైనింగులు (రాపిడి పట్టీలు) చక్రంలోని డ్రమ్మును పట్టడానికి ఇంకో అర సెకను, అది 11 మీటర్లు. పొడి రోడ్డు మీద, బ్రేకులన్నీ సరిగ్గా ఉండి, సెకను సెకనుకీ వేగం 5 మీటర్ల చొప్పున తగ్గితే ఆగడానికి ఇంకో 49 మీటర్లు. మొత్తం 93.

ఇప్పుడు కాలు కదలడం ఇంకో అర సెకను ఆలస్యమైందనుకోండి. ఇంకో 11 మీటర్లు కలుస్తాయి. అంతే కదా అనిపిస్తుంది. ఆలస్యం లేకపోతే ఎదుటి బండి బంపరుకు బెత్తెడు దూరంలో ఆగే లారీ, ఈ అర సెకను వల్ల అదే చోట గంటకు సుమారు 38 కిలోమీటర్ల వేగంతో గుద్దుతుంది. వేగంలో దాదాపు సగం తగ్గేది ఆ ఆఖరి 11 మీటర్లలోనే. అనుభవం గ్యాప్ పెంచి దీన్ని కొంత పూడుస్తుంది. ఆ గ్యాప్‌లోకి ఎవరో ఒకరు దూరేస్తూనే ఉంటారన్నది రోడ్డు మీద ఉన్న ప్రతివాళ్లకూ తెలుసు.

అన్నిటికంటే ముందు దెబ్బ తినేది రాత్రి చూపు. వయసుతో కంటిపాప చీకట్లో మునుపటంత విచ్చుకోదు, లోపలి కటకం పసుపు తిరుగుతుంది. అరవై ఏళ్ల కంటి లోపలి తెరకు చేరే వెలుతురు ఇరవై ఏళ్ల కంటితో పోలిస్తే సుమారు మూడో వంతు. పగలు అక్షరాల చార్టు మొత్తం చదివేసిన మనిషే రాత్రి ఎదురు లైట్లకు రోడ్డంతా తెల్లగా పోతోందంటాడు. ఆ చార్టు పరీక్ష దీన్ని పట్టుకోలేదు. పట్టుకోవాల్సింది డ్రైవరే: ఎదురు వాహనం దాటిపోయాక రోడ్డు అంచు గీత మళ్లీ కనబడటానికి ఎంతసేపు పడుతోంది? "ఒకటి, రెండు, మూడు" అని లెక్కపెట్టుకునే పరిస్థితి వస్తే, ఆ మూడు సెకన్లలో 66 మీటర్లు గుడ్డిగా వెళ్లినట్టే. రాత్రి డ్యూటీ ఆపాల్సిన గుర్తు అది.

అయితే కన్ను మసకేసిందని వెంటనే దిగిపోనక్కర్లేదు. శుక్లమైతే ఆపరేషన్‌తో చూపు బాగా తిరిగొస్తుంది, ఎదురు లైట్ల ఇబ్బందీ తగ్గుతుంది. భయపడాల్సింది నీటికాసులకు, అంటే గ్లకోమాకు. అది నొప్పి లేకుండా పక్క చూపును తినేస్తుంది. ఎదురుగా అంతా స్పష్టంగానే కనబడుతుంది కాబట్టి మనిషికి తెలియదు, పోయిన చూపు తిరిగి రాదు. పక్క నుంచి దూరే బైకు కనబడాల్సింది సరిగ్గా అక్కడే. నలభై దాటిన డ్రైవర్లు కళ్లద్దాల షాపు పరీక్షతో సరిపెట్టుకోకుండా కంటి లోపలి ఒత్తిడి, పక్క చూపు పరీక్షలు అడిగి చేయించుకోవాలి. ఇంకో చిన్న మాట. దగ్గరికీ దూరానికీ ఒకే అద్దం ఉన్న కళ్లజోడుతో క్యాబిన్ దిగుతూ కిందికి చూస్తే మెట్టు మసగ్గా, ఉన్నచోట లేనట్టు కనబడుతుంది. డ్రైవింగ్‌కు దూరపు చూపు అద్దాలు విడిగా ఉంచుకోవడం మేలు.

మనిషి ఒప్పుకోని సంగతి బండి చెబుతుంది. టైర్ల పక్కగోడలు చూడండి. డ్రైవరుకు దూరంగా ఉన్న వైపు వెనక టైర్ల పక్కగోడ మీద గట్టు రాసుకున్న గీతలు మునుపటికంటే ఎక్కువయ్యాయంటే మలుపులో వెనక చక్రాలు ఎంత లోపలికి కోసుకొస్తాయన్న అంచనా తప్పుతోంది. అదే వైపు అద్దాన్ని పట్టి ఉంచే కడ్డీకి కొత్త గీకుళ్లు, వెనక బంపరుకు చిన్న సొట్టలు కూడా అదే చెబుతాయి. ఒకే రూటు, ఒకే లోడు, అయినా బ్రేకు లైనింగులు ముందుకంటే త్వరగా అరుగుతుంటే బ్రేకు ఆలస్యంగా, గట్టిగా పడుతోందని అర్థం. లేదా ఘాట్ దిగుడులో గేరు ముందుగా తగ్గించకుండా, ఎగ్జాస్ట్ బ్రేకు (ఇంజన్ పొగ దారిని మూసి వేగం తగ్గించేది) వాడకుండా కాలితోనే లాక్కొస్తున్నారని అర్థం. దిగుడు మొదలయ్యాక గేరు వెతుక్కోవడం, డ్రమ్ముల వాసన రావడం నలభై ఏళ్ల డ్రైవరుకు రాకూడని తప్పులు. వస్తున్నాయంటే నిర్లక్ష్యం అనుకుని తిట్టకండి, తగ్గుదల అనుకుని చూడండి. ముందు మెకానిక్ చేత లైనింగు సెట్టింగు, గాలి లీకు చూపించండి. బండిలో లోపం లేదని తేలాక, ఆరు నెలల్లో ఇలాంటివి మూడైతే, అది కాగితంలో రాసుకోవాల్సిన హద్దు.

బయల్దేరే ముందు బండి చుట్టూ తిరిగి చూసే అలవాటు ఎప్పుడు ఆగిందో కూడా గుర్తుపెట్టుకోండి. మోకాళ్లు వంగక కింద బ్రేకు రాడ్లు చూడటం మానేస్తారు. చెవి మందగించి గాలి లీకయ్యే సన్నటి చప్పుడు వినబడదు. ఇంజన్, గాలి రొదలో ఏళ్లు గడిపిన చెవికి ముందు పోయేవి సన్నటి, పై స్థాయి శబ్దాలే. వినికిడి యంత్రంతో ఇది కొంత సర్దుకుంటుంది, సిగ్గుపడాల్సింది ఏమీ లేదు.

నిద్ర గురించి మాత్రం ఎంత చెప్పినా తక్కువే. పదిహేడు గంటలు మేలుకుని ఉన్న మనిషి పనితీరు రక్తంలో 0.05 శాతం ఆల్కహాల్ ఉన్న మనిషి పనితీరుకు దగ్గరగా ఉంటుందని పరిశోధనలు చూపించాయి. చుక్క ముట్టని డ్రైవరుకీ ఇదే లెక్క. తెల్లవారుజామున రెండు నుంచి ఐదు మధ్య ఒళ్లే నిద్రకు లాగుతుంది. 80 వేగంలో నాలుగు సెకన్ల కునుకంటే దాదాపు 90 మీటర్లు. కిటికీ దించడం, పాటలు పెంచడం, మొహం కడుక్కోవడం కొద్ది నిమిషాలు మభ్యపెడతాయి, అంతే. పక్కకు ఆపి ఓ కాఫీ తాగి పదిహేను ఇరవై నిమిషాలు పడుకుంటే కొంత నిలుస్తుంది. అయినా అది రాత్రి నిద్రకు బదులు కాదు.

దీంట్లో చాలామంది వదిలేసేది గురక. గట్టి గురక, మధ్యలో ఊపిరి ఆగి ఉలిక్కిపడటం, పొద్దున తలనొప్పి, మగవాళ్లకు మెడ చుట్టుకొలత 43 సెంటీమీటర్లు దాటడం, ఇవి స్లీప్ అప్నియా, అంటే నిద్రలో ఊపిరి ఆగే జబ్బు గుర్తులు. ఈ మనిషి పది గంటలు పడుకున్నా నిద్ర తీరదు. పక్కన పడుకునేవాళ్లకే ఇది ముందు తెలుస్తుంది కాబట్టి వాళ్ల మాట వినండి. ఎప్‌వర్త్ ప్రశ్నావళి అని ఎనిమిది ప్రశ్నలది ఒకటి ఉంది, మొత్తం 24 మార్కులు. పది దాటితే డాక్టరు దగ్గరికి వెళ్లాల్సిందే. రాత్రి మాస్కుతో గాలి పట్టించే యంత్రం వాడితే పగటి తూగు బాగా తగ్గుతుంది. ఈ జబ్బు ఉందని తేలడం రిటైర్మెంట్ కబురు కానే కాదు. వైద్యం చేయించుకోకుండా నడపడమే దిగాల్సిన కారణం.

షుగరు ఉన్నవాళ్లు ఇన్సులిన్ గానీ, షుగరు పడిపోయే మందులు గానీ వాడుతుంటే స్టీరింగ్ పట్టే ముందు, ఆపైన రెండు గంటలకోసారి చూసుకోవాలి. 90 కంటే తక్కువుంటే ముందు ఏదైనా తినాలి, 70 కంటే తగ్గితే బండి కదలకూడదు. షుగరు పడిపోయే ముందు వచ్చే చెమట, వణుకు తెలియడం ఆగిపోతే అది పూర్తిగా దిగిపోవాల్సిన హద్దు, ఇందులో బేరం లేదు. అరికాళ్ల మొద్దుబారడం కూడా అంతే, పెడల్ మీద ఎంత బరువు పడుతోందో తెలియని కాలు లారీకి పనికిరాదు. జలుబు మాత్రలు, నరాల నొప్పికి ఇచ్చే మందులు, కొన్ని బీపీ మందులు మత్తునో తల తిరుగుడునో తెస్తాయి. డాక్టరు అడగకపోయినా "నేను లారీ నడుపుతాను" అని చెప్పి మందు రాయించుకోండి.

నడుము, మోకాలు దగ్గర తొందరపడి దిగేవాళ్లూ ఉన్నారు. సీటు కింద సస్పెన్షన్ చచ్చిపోయిన బండి మార్చి, డ్రైవరు బరువుకు తగ్గట్టు గాలి సీటు సెట్ చేసుకుంటే నడుము చాలా తేలికపడుతుంది. కూర్చున్న వెన్ను సెకనుకు నాలుగు నుంచి ఎనిమిది సార్ల ఊపుకు ఎక్కువగా అదురుతుంది, లారీ ఊపు సరిగ్గా అక్కడే ఉంటుంది. అందుకే గంటలు నడిపి దిగిన వెంటనే తాడు లాగడం, బరువు ఎత్తడం పెట్టుకోకూడదు, పది నిమిషాలు నడిచాకే. క్యాబిన్ నుంచి దూకొద్దు. మొహం బండి వైపు పెట్టి, రెండు చేతులూ ఒక కాలూ, లేదా రెండు కాళ్లూ ఒక చెయ్యీ ఎప్పుడూ పట్టు మీదే ఉండేలా దిగాలి. క్లచ్ తొక్కే మోకాలు పోయినవాళ్లకు ఆటోమేటిక్ గేరు బండి దొరికితే ఇంకొన్నేళ్లు హాయిగా నడుస్తుంది. మెడ మాత్రం రెండు పక్కలా సరిగ్గా తిరగకపోతే, అద్దాలెన్ని ఉన్నా రివర్స్ పనులు మానేయాల్సిందే.

తగ్గించుకోవడం ఎలా అన్నదగ్గర అందరూ ఇచ్చే సలహా "దూరం మానేసి లోకల్ నడుపు" అని. ఇది అందరికీ సరిపోదు. లోకల్ అంటే రోజుకు ఇరవై సార్లు క్యాబిన్ ఎక్కడం దిగడం, ఇరుకు సందుల్లో రివర్స్, అడుగడుక్కీ మనుషులు, పిల్లలు. నిద్ర సమస్య ఉన్నవాళ్లకు లోకల్ మేలు. మోకాలు, మెడ, చురుకుదనం తగ్గినవాళ్లకు అది హైవే కంటే కష్టం. వాళ్లకు పగటి పూట, తెలిసిన రూటు, ఒక లోడింగు ఒక అన్‌లోడింగు ఉన్న పని నయం. బుర్ర చురుకు మీద అనుమానం ఉంటే అంకెలూ అక్షరాలూ మార్చి మార్చి గీతతో కలిపే ట్రెయిల్ మేకింగ్ పరీక్ష డాక్టరును అడగండి. దాని రెండో భాగానికి మూడు నిమిషాలు దాటితే పూర్తి పరీక్ష చేయించుకోకుండా లారీ ఎక్కొద్దు.

డబ్బు గురించి. దిగలేకపోవడానికి అసలు కారణం చాలామందికి ఇదే, దాన్ని దాచిపెట్టి "ఇంకా ఓపికుంది" అంటారు. సొంత బండి ఉన్నవాళ్లు దిగాలనుకున్న ఏడాది దాటి వాయిదాలు పోయే అప్పు చేయొద్దు. పెద్ద ఇంజన్ పని రాబోతోందని తెలిస్తే ఆ ఖర్చు పెట్టి, దాన్ని రాబట్టుకోవడానికి ఇంకో మూడేళ్లు నడపడం అనే ఉచ్చులో పడొద్దు, ముందే అమ్మేయండి. జీతానికి నడిపేవాళ్లు దిగడానికి ఏడాది ముందు ఓ మూడు నెలలు, తర్వాత రాబోయే ఆదాయంతోనే ఇల్లు నడిపి చూడండి, మిగిలింది ముట్టకుండా. ఎంత తక్కువ పడుతోందో అప్పుడు ఖచ్చితంగా తెలుస్తుంది, పూడ్చుకోవడానికి ఇంకా టైముంటుంది. "ఈ ఒక్క ట్రిప్పు" అంటూ అలసిన పెద్దాయన్ని బతిమాలి పంపే ఓనర్లకూ, ఇంట్లోవాళ్లకూ ఒక మాట: ఆ 93 మీటర్ల లెక్క మీ అవసరాన్ని బట్టి మారదు.

దిగాలని నిశ్చయమయ్యాక యజమానికి మూడు నెలల ముందు చెప్పండి. ఆ మూడు నెలల్లో కొత్త డ్రైవర్ని పక్క సీట్లో తిప్పి, తర్వాత స్టీరింగ్ అతనికిచ్చి మీరు పక్కన కూర్చోండి. ఏ దిగుడులో ఏ గేరు, ఏ మలుపులో వెనక చక్రాలకు ఎంత చోటు వదలాలి, ఏ గేటు ముందు లోడు ఎత్తు తగులుతుంది, ఎక్కడ ఆపి పడుకోవచ్చు, ఇవన్నీ ఒక నోటుపుస్తకంలో రాసి అతని చేతికివ్వండి.