శుభలేఖలో తెలుగు పేజీని చదివేదెవరు?

అమెరికాలో జరిగే మన పెళ్లిళ్ల శుభలేఖల్లో ఇంగ్లీషు పేజీని పదిమంది దిద్దుతారు. పెళ్లికూతురు, పెళ్లికొడుకు, వాళ్ల స్నేహితులు, ఆఖరికి వెడ్డింగ్ ప్లానర్ కూడా. తెలుగు పేజీ మాత్రం ఏదో పాత కార్డులో పేర్లు మార్చుకుని, ఎవరి కంటా పడకుండా ప్రెస్సుకి పోతుంది. పైన వినాయకుడు ఎలాగో కింద తెలుగు అక్షరాలూ అలాగే, చూడ్డానికి ఉంటే చాలనుకుంటున్నాం. ఎవరూ చదవరన్న ధీమాతో వేసే పేజీని అసలు వేయకపోవడమే మర్యాద. వేసేటట్లయితే మాత్రం దానికి కాస్త పని పడుతుంది.

అన్నిటికంటే ఎక్కువ తప్పులు దొర్లేది ముహూర్తం పంక్తిలో. తెలుగు సంవత్సరం జనవరిలో మారదు, ఉగాదికి మారుతుంది. 2026 మార్చి 19న మొదలైన పరాభవ నామ సంవత్సరం 2027 ఏప్రిల్ 7 ఉగాది ముందు రోజు దాకా ఉంటుంది. కాబట్టి 2027 ఫిబ్రవరి పెళ్లికి కూడా పరాభవే. తిథిని ఇండియా క్యాలెండర్ చూసి ఎక్కించడం ఇంకో పొరపాటు. హైదరాబాదులో ఆదివారం ఉదయం 6 గంటలకు ముగిసే తిథి, వేసవిలో న్యూజెర్సీలో శనివారం రాత్రి 8.30కే, కాలిఫోర్నియాలో సాయంత్రం 5.30కే అయిపోతుంది. లగ్నం సంగతి సరేసరి, అది ఊరి అక్షాంశ రేఖాంశాలను బట్టి మారుతుంది. పంతులుగారిని పెళ్లి జరిగే ఊరికి గుణించమని అడిగి, మాసం, పక్షం, తిథి, వారం, నక్షత్రం, లగ్నం అన్నీ కాగితం మీద రాయించుకోండి. ఫోన్లో విని రాసుకుంటే తదియ విదియ అవుతుంది.

పెళ్లి ఇండియాలో పెట్టుకుని ఇక్కడి స్నేహితుల్ని పిలిచేవాళ్లకు మరో చిక్కు. మన లెక్కలో రోజు సూర్యోదయంతో మొదలవుతుంది. అందుకే అర్ధరాత్రి దాటిన ముహూర్తాన్ని ‘శుక్రవారం రాత్రి 2.17 గం.లకు, తెల్లవారితే శనివారం’ అని వేస్తాం. ఇంగ్లీషు పేజీలో అదే సమయానికి శనివారం తేదీ పడుతుంది. ఆ తేదీ చూసి శనివారం మధ్యాహ్నం విమానం దిగే అమెరికన్ మిత్రుడికి పందిరి విప్పుతున్న దృశ్యం కనిపిస్తుంది. అలాంటివాళ్లకు ఇచ్చే కార్డులో ‘శుక్రవారం రాత్రి 9 గంటలకు మండపానికి రండి’ అని ఉండాలి.

పగటి పెళ్లికీ ఇదే సూత్రం. ముహూర్తం ఉదయం 10.42 అంటే, అది జీలకర్ర బెల్లం పెట్టే క్షణం. ఇంగ్లీషు కార్డులో అదొక్కటే వేస్తే గడియారం చూసుకుని వచ్చేవాళ్లు సరిగ్గా 10.42కి పార్కింగ్‌లో ఉంటారు. తెలుగులో ముహూర్తం వేయండి, ఇంగ్లీషులో 9.30కి కూర్చోమనండి. రెండు పేజీల్లో రెండు వేళలున్నాయని ఎవరైనా తప్పు పడితే పట్టనివ్వండి.

ఇక మాటలు. ఇంగ్లీషు కార్డుని తెలుగులోకి దించితే ‘మీ ఉనికితో గౌరవించండి’ లాంటివి పుడతాయి. మన పత్రికకు దాని నడక దానికుంది: పిలిచేది పెద్దలు, ‘సకుటుంబ సపరివార సమేతంగా విచ్చేసి’ అని పిలుస్తారు. గ్రాంథికం వద్దనుకుంటే ‘మీరంతా వచ్చి పిల్లల్ని దీవించాలి’ అని హాయిగా రాసుకోవచ్చు, అదీ అందంగానే ఉంటుంది. పాతదే కావాలంటే ‘మదార్పిత’ అని దీర్ఘం పడకుండా చూడండి, అది ‘మదర్పిత’. కొడుకు కొడుకు పౌత్రుడు, కూతురి కొడుకు దౌహిత్రుడు. అమ్మమ్మ తాతయ్యల పేర్ల కింద పౌత్రుడని వేస్తే వంశమే మారిపోతుంది. చి. వరుడికి, చి.ల.సౌ. వధువుకి. తాతగార్లలో కాలం చేసినవారికి కీ.శే. పడిందా, అంతకంటే ముఖ్యంగా బతికున్నవారికి పడలేదు కదా, రెండుసార్లు చూసుకోండి. పాత ఫైలులో పేర్లు మార్చినప్పుడు జరిగే ప్రమాదం అదే.

ఫాంట్ల గొడవ వేరే. ఇండియాలో చాలా డీటీపీ సెంటర్లు ఇప్పటికీ అను ఫాంట్లు వాడతాయి. అవి యూనికోడ్ (ఫోన్లు, కంప్యూటర్లు అన్నీ గుర్తుపట్టే అక్షరాల పద్ధతి) కావు. మీరు వాట్సాప్‌లో పంపిన పాఠం అందులో నేరుగా అతకదు, వాళ్లు మళ్లీ టైపు చేస్తారు, కొత్త తప్పులు అక్కడ చేరతాయి. ఇక్కడి డిజైనరైతే ఫొటోషాప్, ఇలస్ట్రేటర్‌లో భారతీయ లిపుల సెట్టింగు పెట్టకుండా అతికిస్తే వత్తులు ఊడి పక్కన పడతాయి. ‘శ్రీ’, ‘లక్ష్మి’, ‘జ్యేష్ఠ’ ఈ మూడూ సరిగ్గా వచ్చాయంటే మిగతావీ వచ్చినట్టే. శ్లోకం వేస్తే విసర్గ ఉండాల్సిన చోట కోలన్ పడిందేమో వెతకండి. మండలి, రామభద్ర లాంటి యూనికోడ్ ఫాంట్లు గూగుల్ ఫాంట్స్‌లో ఉచితంగా దొరుకుతాయి. మండలి పాఠానికి, రామభద్ర శీర్షికలకు బాగుంటాయి. ఫైలు ప్రెస్సుకి పంపేముందు అక్షరాలను కర్వ్స్ (ఫాంటుతో పనిలేని గీతలు) చేయించి, పీడీఎఫ్ కాగితం మీద ప్రింటు తీసి చదవండి.

తెలుగుకి పైన గుడులు, కింద వత్తులు ఉంటాయి కాబట్టి ఇంగ్లీషు కంటే చోటెక్కువ కావాలి. 13 పాయింట్లకు తగ్గితే పెద్దవాళ్లు చదవలేరు. బంగారు ఫాయిల్ పేర్ల వరకే ఉంచండి. చిన్న అక్షరాల మీద వేస్తే సందులు పూడిపోయి ఏ అక్షరమో పోల్చుకోలేం.

లెక్క మనుషులకు కాదు, ఇళ్లకు కట్టాలి. 400 మంది అతిథులంటే 150 నుంచి 200 కార్డులు, కవర్లు మరో పదో వంతు అదనం. అందరికీ రెండు భాషల అట్టపెట్టె కార్డు ఎందుకు? ఒక్కోటి 150 గ్రాములుంటే 200 కార్డులు 30 కిలోలు, ఇండియాలో అచ్చు వేయించి తెచ్చుకుందామంటే 23 కిలోల సూట్‌కేసులో పట్టవు. అమెరికా పోస్టులో ఇంకా కష్టం: మూడున్నర ఔన్సులు, పావు అంగుళం మందం దాటితే ఉత్తరం రేటు వర్తించదు. చతురస్రపు కవరుకి, పైన ముడివేసిన దారానికి అదనపు రుసుము పడుతుంది. 5 బై 7 అంగుళాల ఇంగ్లీషు కార్డు అందరికీ, తెలుగు పత్రిక విడిగా, తెలుగు చదివే ఇళ్లకు మాత్రం 70, 80 వేయించడం మేలు. పూర్తిగా సర్దిన కవరొకటి కౌంటర్లో తూయించాకే స్టాంపులు కొనండి.

ఆ తెలుగు పత్రికకు లామినేషన్ వద్దు. నున్నటి కాగితం మీద పసుపు పట్టదు, ఆరాక పొడిలా రాలి కవరంతా అవుతుంది. మామూలు మ్యాట్ కాగితం మీద నాలుగు మూలలా గట్టి పసుపు ముద్దతో పలచగా అద్ది, ఒక రాత్రి ఆరనిచ్చాక కవర్లో పెట్టండి. తడి మీద పెడితే పత్రిక కవరుకి అతుక్కుని, తీసేటప్పుడు మూల చిరుగుతుంది.