సవరణ: గేటు ముందు కారు, పది గంటల లెక్క

భోగి రోజు మా భీమవరం ఇంటి గేటుకు అడ్డంగా ఎవరో కారు పెట్టి కోడిపందేలకు పోయారని మొన్న రాశాను కదా. ముందు టైరు సరిగ్గా మా అమ్మాయి పెట్టిన గొబ్బెమ్మ మీదే ఉంది! ఆ కోపంలో ఒక తప్పు రాశాను. పది గంటలు గడిస్తే గానీ పోలీసులు బండిని తీయించలేరన్నాను. అది తప్పు. 1988 మోటారు వాహనాల చట్టం 127వ సెక్షన్‌లో ఆ పది గంటల లెక్క రోడ్డు మీద పట్టించుకోకుండా వదిలేసిన బండికి. పార్కింగ్ నిషేధించిన చోట పెడితే అంతసేపు ఆగక్కర్లేదు, యూనిఫాంలో ఉన్న పోలీసు అధికారి వెంటనే తీయించవచ్చు. ఇంకొకటి, టైర్లలో గాలి తీసేయమన్న సలహా కూడా వెనక్కి తీసుకుంటున్నాను. గాలి తీస్తే ఆ బండి ఇంకాసేపు మన గేటు ముందే ఉంటుంది. ఆ మాత్రం తట్టలేదు నాకు!